ఏలుమలై దొప్ప

"తాతా, నువ్వు గూడా వయసులో ఉన్నప్పుడు కౌంటర్లో నిలబడి జనాలకు తాగేదానికి పోసేవాడివంట గదా, నాయన చెప్పినాడు. నీకొచ్చినట్టు టిప్పులు ఇంకెవురికీ వచ్చేవి కాదంట. మద్రాసు హోటల్లో నా పక్కన నిలబడే పిలగాడికి బాగా వస్తా ఉండాయి, నాకు రావడంలా. ఏం చేసేవాడివి నువ్వు?"

కౌంటరా! భలేవాడివిరా అబ్బయా. కౌంటరు లేదు, గ్లాసులు లేవు. తాటాకు పాక, ఒక బల్ల, బల్ల మీద నాలుగు కుండలు, కింద మట్టినేల. అంతే నా హోటలు. రా, ఇట్టా దగ్గిరికి జరిగి కూచో. ఆ సెల్లు నా నోటికాడ పెట్టు, పడతా ఉందా మాట? మీ అవ్వని గూడా పిలువు, ఆ వంటింట్లో ఎంతసేపు... సరే, పిలవబాకలే. ఎన్నిసార్లు ఇన్నదో ఈ సంగతి, నేను తప్పు చెప్తే అక్కణ్ణించే అరుస్తుంది. పెంచలకోన స్వామి పేరు పెట్టుకున్నోణ్ణి, ఆయన్ని తల్చుకుని చెప్తా ఉండా. ఉన్నదే చెప్తా.

అది కల్లు బందయిన కాలం. ప్రొహిబిషన్ అంటారే, అది. తాగినా కేసే, దించినా కేసే. అయితే నీరాకి మాత్రం పర్మిటు ఉండేది. నీరా అంటే తెలుసునా నీకు? అదే తాటిచెట్టు, అదే ముంత. ముంత లోపల సున్నం పూసి కడితే పులవదు. తియ్యగా చల్లగా కొబ్బరినీళ్లకి అక్క మాదిరి ఉంటుంది. కానీ పొద్దెక్కిందంటే దాని బుద్ధి మారిపోతుంది. అందుకని తెల్లారకముందే దించాల, ఎండ ముదిరేలోపల అమ్మాల, మిగిలింది పొయ్యి మీద పెట్టి బెల్లం కాయాల. రొంత పులుపు వాసన తగిలిందా, ఎక్సైజు జమేదారు వచ్చి పర్మిటు పీకేస్తాడు. తాటికాలం ఉన్నన్నాళ్లు ఆ పని, మిగతా కాలమంతా వరి కయ్యల్లో కూలి.

కోట నుంచి సముద్రానికి పోయే దావలో, మొదటి బస్సు ఆగేచోట, తాటితోపు పక్కన ఉండేది మా పాక. పర్మిటు గీతపనివాళ్ల సొసైటీది. మా మేనమామ రమణయ్య చెట్లెక్కేవాడు, నేను పోసేవాణ్ణి. చెట్లెక్కే ఇంట్లో పుట్టి చెట్టెక్కలేనోణ్ణి నేనొక్కణ్ణే అబ్బయా. నాలుగు బారలు ఎక్కినానంటే కాళ్లు జొన్నకంకుల మాదిరి ఊగేవి. "దిగరా సామీ, నిన్ను దించేదానికి ఇంకొకణ్ణి ఎక్కించాల" అని మా మామ ఆ బల్లకాడ నిలబెట్టినాడు నన్ను. నోరు మంచిది గదా నాకు, అదొక్కటే ఆస్తి.

ఆ వేళ ఎట్టా ఉండేదంటే... ఎట్టా చెప్పేది నీకు. తోపులో మంచు పాలు పోసినట్టు నిలబడి ఉండేది. చెట్ల మొదళ్లు అగపడవు, తలలు మాత్రం పైన తేలతా ఉంటాయి. యాడో ఆకాశంలో నుంచి మా మామ గీతకత్తి చప్పుడు. సముద్రం కూడా అగపడదు, వినపడతా ఉంటుంది, పక్కింట్లో ఎవురో నిద్రలో పొర్లినట్టు. దావలో నుంచి మనుషులు వచ్చేవాళ్లు కాదు అబ్బయా, ముందు దగ్గు వచ్చేది, తర్వాత బీడీ నిప్పు వచ్చేది, ఆ తర్వాత మనిషి. ఇప్పటికీ ఒక్కోసారి తెల్లవారుజామున మెలకువ వచ్చిందంటే నేను యాడుండానో తెలీదు. మంచంలో ఉండానా, బల్ల వెనకాల ఉండానా అని.

ఏంది అడిగితివి? ఆఁ, టిప్పులు. ఇనాము అనేవాళ్లం. తాటాకు దొప్పెడు నీరా అణా. తర్వాత నయాపైసలు వచ్చి ఆరు పైసలయింది, అప్పుడు జరిగిన తగాదాలు చెప్తే నువ్వు రైలు తప్పిపోతావు. మా దగ్గిర ఇనాము చేతికిచ్చేవాళ్లు కాదు. దాహానికి పోసినోడి చేతిలో డబ్బులు పెడితే బిచ్చం వేసినట్టు ఉంటుందని ఒక మర్యాద. తాగేసినాక ఖాళీ దొప్పలో వేసి, మడిచి, గంపలో పడేసి పోయేవాళ్లు. ఎవురు వేసినారో తెలీదు, ఎవురు వెయ్యలేదో తెలీదు. బేరం అయిపోయినాక నేను కూచుని ఒక్కో దొప్ప విప్పుకునేవాణ్ణి, వేరుశనక్కాయలు వలిచినట్టు. ఒకసారి మా మేక దొప్పతో పాటు రెండణాల బేడకాసు మింగేసింది. మా మామ రెండు దినాలు దాని వెనకాలే తిరిగినాడు. నవ్వబాక, బేడంటే అప్పుడు బేడే!

మొదట్లో అన్నీ ఖాళీ దొప్పలే. నేనేమో ఊరికే ఉండేవాణ్ణి కాదు, బస్సు వచ్చిందాకా జమేదారు నడక నడిచి చూపించేవాణ్ణి, ప్రహ్లాదుడి కథ గొంతు మార్చి చెప్పేవాణ్ణి, జనం పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్లు. నవ్వి, దొప్ప పడేసి, బస్సెక్కేసేవాళ్లు. నవ్వినోడు నవ్వుకుని పోతాడు గానీ ఏమీ పెట్టడు అబ్బయా. ఇది రాసి పెట్టుకో.

ఒకనాడు ఒక ముసలి రైతు వచ్చినాడు. దొప్ప తీసుకున్నాడు, తాగడు. నేల దిక్కు చూస్తా ఉండాడు.

"ఏంది పెద్దాయనా, పురుగేమన్నా పడిందా?" అని అడిగితిని.

"లేదబ్బాయా. ఈరోజు మా నాయన పోయినరోజు. కల్లు ఉన్న కాలంలో అయితే నాలుగు చుక్కలు నేలకు వదిలి తాగేవాళ్లం. ఇది చూస్తే నీరా. వదలొచ్చో లేదో."

అప్పుడు నాకు మా తాత గుర్తుకొచ్చినాడు. ఆయన గూడా అంతే, ముందు నేలతల్లికీ పోయినోళ్లకీ వదలందే పెదవికి ఆనించేవాడు కాదు. నీరా వచ్చేసరికి జనం ఇదేదో సోడా మాదిరిది అనుకుని ఆ చుక్కలు మానేసినారు. నేనంటిని గదా, "ఇదీ చెట్టుపాలే గదా పెద్దాయనా, తప్పేముంది. పేరు చెప్పు." "వెంకయ్య" అన్నాడు. గరిటె ముంచి, బల్ల పక్కన నేల మీద సన్నగా వదిలి, "వెంకయ్య తాతా, చల్లగా తాగు" అంటిని. నా గొంతులో ఏముందో తెలీదు, ఆ ముసలాయన కండవ కళ్లకు అడ్డం పెట్టుకున్నాడు. ఆరోజు ఒక దొప్పలో అర్ధరూపాయి ఉండింది.

ఇంక చూసుకో. ఆ పక్కన నిలబడినోడు "మా అమ్మకి" అన్నాడు. వాడి పక్కనోడు "మా అన్నకి". నాకు చదువు రాదు గానీ పేరొకసారి చెవిలో పడితే పోదు. మర్నాడు వాళ్లు అడక్కముందే, దొప్ప చేతిలో పెడతా, వాళ్లింటి పేరొకటి నేలకు వదిలేవాణ్ణి. ఒకాయన మాత్రం "మా అత్తకి ఎక్కువ పొయ్యబాక పెంచలయ్యా, లేచి కూచుంటుంది!" అనేవాడు. మా మామయితే చెట్టు దిగొచ్చి మోకు భుజాన వేసుకుని నిలబడి, "ఓరి నీ అసాధ్యం కూలా! పానం పణంగా పెట్టి దించినోడికి లేదు ఇనాము, దించింది నేలపాలు చేసేవాడికి వస్తా ఉందే!" అని ఎగతాళి. కానీ సాయంత్రం నా జేబులో చెయ్యి పెట్టేది ఆయనే.

నీకు చెప్పాల్సిన ఉపాయం అంతే అబ్బయా. తాగేదానికి వచ్చినోడు ఒంటరిగా రాడు. వాడి వెనకాల ఎవురో ఒకరు దాహంతో నిలబడి ఉంటారు. ఆ రెండో మనిషికి గూడా చోటిస్తే, ముందున్నోడు నిన్ను మర్చిపోడు.

కాకపోతే దానివల్ల ఇంకో తంటా వచ్చింది. పెంచలయ్య నోట పేరు పడిందంటే ఆ మనిషి పోయినట్టే, ఇంక అనుమానం లేదు, అని దావ పొడుగునా పాకిపోయింది. జొరమొచ్చి లేచినోళ్లు గూడా పాక ముందర నిలబడి "ఇంకా ఉండానయ్యోవ్, నా పేరు పొయ్యబాక" అని అరిచి పోయేవాళ్లు. తమాషానే. నేను గూడా మీసం దువ్వుకునేవాణ్ణి. స్వామి పైన నుంచి చూస్తా ఉండాడు, వీడి మీసం సంగతి తేల్చాల అనుకున్నాడో ఏమో.

నాగూరమ్మ అని ఒకామె ఉండేది. సముద్రం ఒడ్డున పల్లెలో ఉండేది, ఎండుచేపల తట్ట ఎత్తుకుని మొదటి బస్సుకు వచ్చేది. నాగూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టిందని ఆ పేరు. మా పక్క హిందువులకు గూడా ఆ పేరు బో ఎక్కువ. మనిషి పొడుగు, మాట తక్కువ. తట్ట దించేది కాదు, తల మీద ఉండంగానే ఒక చేత్తో దొప్ప అందుకుని తాగేది, చుక్క కిందపడేది కాదు. ఆమె మొగుడు ఏలుమలై. ఆయన గూడా వచ్చేవాడు ముందు, దొప్ప తర్వాత దొప్ప తాగి "మీ మామని ఇంకో చెట్టు ఎక్కించు" అనేవాడు. ఒక ముసురు రోజు తెప్ప మీద వేటకు పోయినాడు. తెప్ప రాలా, మనిషి రాలా. ఆయన సొంత పడవ ఒకటి ఉండింది, అది ఆ రోజు మరమ్మతుకని ఒడ్డున బోర్లించి ఉంది. దాంట్లో పోయుంటే వచ్చేవాడేమో. పోయినాడని కొందరు, గాలికి కొట్టుకుపోయి సిలోను ఒడ్డున తేలుంటాడని కొందరు. నాగూరమ్మ మాత్రం బొట్టు చెరపలా, గాజులు తియ్యలా. ఎవురన్నా అడిగితే "శవం చూపించు" అనేది. అంతే.

ఏలుమలైకి అన్న ఉండాడు, గోవిందు. ఆయన కన్నంతా ఆ పడవ మీద.

("అన్న కాదు, పెదనాయన కొడుకు!" అని లోపల నుంచి మీ అవ్వ. సరే, పెదనాయన కొడుకే. చెప్పినా గదా, ఇంటా ఉంటుందని.)

వాళ్ల కట్టుబాటు ఏందంటే, మనిషి బతికుంటే పడవ ఆయనది, ఆయన లేనప్పుడు పెళ్లాం చేతికింద నడుస్తుంది. నాగూరమ్మ తమ్ముడు దాన్ని వేటకు తీసుకుపోయేవాడు, ఆ చేపల మీదనే ఆమె బతుకు. మనిషి పోయినాడంటే, కొడుకులు లేరు గనక పడవ తిరిగి ఆ ఇంటి మగోళ్లకి. వాళ్ల పెద్దలు తేల్చలేకపోయినారు. జనమంతా పోయినాడని ఒప్పుకుంటే అప్పుడు చూద్దాం అని ఆపి పెట్టినారు.

ఇంక గోవిందుకి ఎవురు గుర్తుకొస్తారు చెప్పు? నేనే.

ఒకనాడు తెల్లారతా ఉంది. మంచు అప్పుడే లేస్తా ఉంది. బస్సు కోసం జనం బాగా ఉండారు. నాగూరమ్మ తట్టతో నిలబడి ఉంది, ఇంకా దొప్ప ఇవ్వలా నేను. గోవిందు వచ్చినాడు, వెనకాల వాళ్ల పల్లె పెద్దలు ఇద్దరు. ఎప్పుడూ రానోళ్లు. అందరూ చూస్తా ఉండంగా నిండు రూపాయి నా బల్ల మీద పెట్టినాడు. మడిచిన దొప్పలో కాదు, బల్ల మీద. టంగుమనింది. రూపాయంటే అప్పుడు నాకు ఎన్నో దినాల కూలి.

"మా తమ్ముడు ఏలుమలైకి నాలుగు చుక్కలు వదులు పెంచలయ్యా. పాపం, దాహంతో తిరగతా ఉంటాడు" అన్నాడు.

జనమంతా నా దిక్కు తిరిగినారు. బీడీ ముట్టించబోయిన ఒకాయన అగ్గిపుల్ల అట్నే పట్టుకుని నిలబడినాడు. నేను నాగూరమ్మ దిక్కు చూసినా. ఆమె నన్ను చూడలా. నా చేతిలో గరిటెను చూస్తా ఉంది. అట్టా చూడ్డం నేను ఇంకెక్కడా చూడలేదు నాయనా. ఏడుపు లేదు, కోపం లేదు. ఆ గరిటె వంగుతుందా వంగదా, అంతే ఆమె లోకం ఆ నిమిషానికి.

నాలుగు చుక్కలే గదా అనొచ్చు నువ్వు. నీళ్ల మాదిరిదే గదా. కానీ అవి నేలకి తగిలినాయంటే ఆ బస్సు కోటకు చేరేసరికి ఆమె ముండమోపి. మధ్యాన్నానికి పడవ పోతుంది. నిజంగా పోయినాడో లేదో నాకు మాత్రం యాడ తెలుసు? "స్వామీ, ఎప్పుడూ వాగే నోరే గదా, ఇప్పుడు నువ్వు వాగించు" అని లోపల దణ్ణం పెట్టుకున్నా.

"గోవిందన్నా, పోయినోళ్ల పేర్లు వాళ్ల ఇంటోళ్లు చెప్తే పోస్తాను" అంటిని.

"నేను ఇంటోణ్ణి కాదా?"

"ఆయన ఇల్లు ఆమె గదా. ఆమె చెప్పాల."

"ఆడదాన్ని అడిగేది ఏంది? నీ బల్ల మీద రూపాయి అగపడ్డంలా?"

అప్పుడు నేను గరిటె వదిలేసి చెంబు తీసుకున్నా అబ్బయా. పెద్ద దొప్ప ఒకటి తీసుకుని అంచుల దాకా పోసినా. తీసుకుపోయి నాగూరమ్మ చేతిలో పెట్టినా. నా గొంతు నీకు తెలుసు గదా, తోపు అవతలికి వినపడేట్టు చెప్పినా: "ఇది ఏలుమలై దొప్ప. నేలకు పోసేది కాదు, నోటితో తాగేది. ఆయన వచ్చిందాకా ఆయన వంతు నువ్వు తాగమ్మా."

ఆమె తట్ట దించింది. మొదటిసారి దించడం. రెండు చేతులతో పట్టుకుని తాగింది. గోవిందు రూపాయి తీసుకుని, "చెట్టెక్కలేని నా కొడకా" అని తిట్టి పోయినాడు. పెద్దలు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, "అతను పొయ్యలేదు గదా" అనుకుంటా ఆయన వెనకాలే పోయినారు. పడవ ఆమెకే ఉండిపోయింది.

నాకు ఇనాములు పడిపోయినాయి, అది గూడా చెప్పాల. గోవిందు మనుషులు రావడం మానుకున్నారు. వాళ్ల మాట వినేవాళ్లు తాగినా ఖాళీ దొప్పలు పడేసి పోయినారు. మా మామ కొన్నాళ్లు మూతి ముడుచుకుని, "రూపాయిని కాలితో తన్నిన జమీందారు వచ్చినాడు, మంచం వెయ్యండి" అనేవాడు. ఆయన ఏమన్నా, మర్నాటి నుంచి ఏలుమలై కోసం ఒక ముంత పక్కన పెట్టడం మాత్రం మర్చిపోలా.

నాగూరమ్మ ఆరోజు నుంచి "రెండు" అని అడిగేది. డబ్బులు రెండింటికీ ఇచ్చేది, వద్దంటే ఊరుకునేది కాదు. ఒకటి తను తాగేది. రెండోది చేత్తో పట్టుకుని, బస్సు కోసం నిలబడినోళ్లలో ఎవురు బాగా అలిసిపోయి ఉండారో చూసి వాళ్లకిచ్చేది. కూలోడో, పిలకాయల తల్లో, పరాయి ఊరోళ్లో. "ఎవురమ్మా ఇచ్చింది?" అంటే "ఏలుమలై ఇచ్చినాడు, తాగు" అనేది. "ఎవురాయన?" "మా ఆయన." వాళ్లు చుట్టూ చూసేవాళ్లు, ఆయన పక్కనే యాడో బీడీ కాలుస్తా ఉండాడేమో అని. నేను గూడా చూసేవాణ్ణి అబ్బయా. ఆ మంచులో ఎవురు ఉండారో ఎవురు లేరో ఎట్టా తెలుస్తుంది. ఒక్కోసారి పాకకి అవతల పొడుగాటి నీడ ఒకటి నిలబడినట్టే ఉండేది, పొద్దు పొడిస్తే చెట్టు.

ఆ పరాయోళ్లు సిగ్గుపడి ఆ దొప్పలో ఏదో ఒకటి వేసి పోయేవాళ్లు. అది ఏలుమలై ఇనామా, నాదా? ఆమెనడిగితే "ఆయన చేత్తో ముట్టలేదు గదా, నువ్వే తీసుకో" అనేది. తీసుకునేవాణ్ణి. ఎందుకు తీసుకోకూడదు.

ఎన్నో తాటికాలాలు అట్టా పోయినాయి. గోవిందు ముసలోడయినాడు. కల్లంగళ్లు మళ్లా తెరుస్తారంట, నీరా ఎవురు తాగుతారింక, అని అందరూ అనుకునే రోజులవి. ఒకనాడు నాగూరమ్మ వచ్చింది. తట్ట దించింది. నేను అలవాటు చొప్పున రెండు దొప్పలు తీసినా.

"ఒకటి చాలన్నా" అనింది.

నాకు అర్థం కాలా. ఆమె నిమ్మళంగా చెప్పింది, పెళ్లికూతురి చీర రంగు చెప్పినట్టు: "పడవ పురుగు తినేసింది. నిన్న మా తమ్ముడు పలకలు విప్పి పొయ్యిలోకి అమ్మేసినాడు. ఇప్పుడు ఆయన పోయినా ఎవురికీ లాభం లేదు గదన్నా. ఇంక పోనిస్తా."

నా చెయ్యి గరిటె మీదికి పోయింది. "వదలమంటావా అమ్మా?" అంటిని.

"నువ్వొద్దులే. ఆయన ఇల్లు నేను గదా."

నిండు దొప్ప తీసుకుని పాక చాటుకు పోయింది. వంగి, దొప్ప వంచింది. నాలుగు చుక్కలు కాదు, అంతా పోసింది, మెల్లంగా, బిడ్డకు తలకు పోసినట్టు. ఏమనిందో నాకు వినపడలా. వినాలని గూడా లేదు. బస్సు వచ్చింది, హారను కొట్టింది. ఎప్పుడూ తొందర పడే డ్రైవరు ఇంజను ఆపేసి కూచున్నాడు. మా మామ చెట్టు దిగినాడు గానీ తోపులో నుంచి బయటికి రాలా...

ఆ మట్టి తడి... ఎండ వచ్చినా గూడా ఆ కాస్త చోటు ఆరలా... ఏమో. అక్కడ ఇప్పుడు రొయ్యల గుంటలు తవ్వినారంట.

టైమయిందా నీ రైలుకి? లే నాయనా, లే. వంగబాక, దణ్ణం ఎందుకు, ఇట్టా రా. ఆ పెంచలకోన స్వామి నీ వెనకాల ఉండాల. నీ చేత్తో పోసింది తాగినోళ్ల కడుపు చల్లగుండాల, ఆ చల్లదనం తిరిగి నీకే తగలాల. ఏమే, వాడికి ఆ తాటిబెల్లం మూట కట్టినావా... పద పద, బస్సు దాకా నేను గూడా వస్తా...